పాత వరంగల్ జిల్లా: చెరువుల కింద ఊరువారీ పారకం లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

మత్తడి_దుంకింది | జూన్ 11, రాత్రి 9:48

అందరికీ నమస్తే. హన్మకొండలో ఉంటాను, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ. పాత వరంగల్ జిల్లాలో చెరువుల కింద పారకం, అంటే చెరువు నీళ్లతో సాగయ్యే భూమి, ఎట్లా తగ్గుతూ వచ్చింది, దాని జాగాలోకి బావులు, బోర్లు ఎట్లా వచ్చాయి అన్నది నా అంశం. కాలం 1956 నుంచి 2014 వరకు. సినాప్సిస్‌లో "ఊరువారీగా" అని ఉంది. కమిటీ మెచ్చుకున్నది కూడా ఆ మాటనే. ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది.

జిల్లా మొత్తానికి ఏటా ఎంత పారిందో సీజన్ అండ్ క్రాప్ రిపోర్టుల్లో ఉంది. అర్థ గణాంక శాఖ వాళ్ల ఆ పుస్తకాలు చాలావరకు సంపాదించాను. మండలాల లెక్క జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో అక్కడక్కడా ఉంది, మధ్యలో ఏళ్లకేళ్లు లేవు. ఊరి లెక్క దగ్గరికొచ్చేసరికి ఎవరిని అడగాలో కూడా తెలియడం లేదు. ఒక మండల ఆఫీసుకు పోతే పాత పహాణీలు, అంటే ఏ సర్వే నంబరులో ఏ పంట అని ఏటా రాసే ఊరి పుస్తకాలు, జిల్లాకు పంపించామన్నారు. జిల్లాలో అడిగితే మండలంలోనే ఉంటాయి పొమ్మన్నారు. ఇంకో చోట రికార్డు గది చూసే ఆయన డిప్యూటేషన్ మీద వెళ్లాడట. తాళంచెవి కూడా ఆయన వెంటే డిప్యూటేషన్ మీద పోయినట్టుంది.

ఈ తొవ్వలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే జర చెప్పండి. రివ్యూ దగ్గర పడుతోంది, చూపించడానికి చేతిలో ఒక్క పట్టిక లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కాజీపేట_జంక్షన్ | జూన్ 11, రాత్రి 10:15

ఇంత కష్టమెందుకు చెల్లె? ఉన్న మండలం లెక్కను విస్తీర్ణం ప్రకారం ఊళ్లకు పంచెయ్. లేని ఏళ్లకు ముందూ వెనకా చూసి సగటు నింపెయ్. వైవాలో ఎవరూ అంత లోతుకు పోరు.

జమ్మికుంట_స్కాలర్ | జూన్ 11, రాత్రి 10:41

అన్నా, ఏమీ అనుకోకు. చెరువుల విషయంలో ఈ సలహా అస్సలు పనికిరాదు. వరుసగా రెండేళ్లు వాన లేకపోతే పారకం సున్నా. మూడో ఏడు మత్తడి దుంకితే, అంటే చెరువు నిండి పొర్లితే, ఆయకట్టంతా, అంటే చెరువు కింది పొలమంతా పారుతుంది. ఈ మూడింటి సగటు తీస్తే ఏ ఏడూ జరగని సాగు ఒకటి కాగితం మీద పుడుతుంది. ఆమె చూడాలనుకుంటున్నదే ఆ ఎగుడుదిగుడు. దాన్ని చదును చేశాక థీసిస్‌లో రాయడానికి ఇంకేం మిగులుతుంది?

విస్తీర్ణం ప్రకారం పంచడం ఇంకా అన్యాయం. ఒక ఊళ్లో పెద్ద చెరువు ఉంటుంది, పక్క ఊళ్లో ఒక్క కుంట కూడా ఉండదు.

పిక్సెల్_పంతులు | జూన్ 12, ఉదయం 7:20

మేడమ్, ఆఫీసుల చుట్టూ తిరగడం మానేయండి. ల్యాండ్‌శాట్ బొమ్మలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి అందరికీ ఉచితం. 30 మీటర్ల స్పష్టతతో కావాలంటే 1984 తర్వాతవి తీసుకోండి. ఆ 1984 నుంచే భూమి మీద నీళ్లు ఎక్కడ నిలిచాయో నెలవారీగా మ్యాప్ చేసి యూరప్ వాళ్ల జాయింట్ రీసెర్చ్ సెంటర్ ఉచితంగా పెట్టింది. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ఊళ్ల సరిహద్దుల ఫైల్ వేసుకుంటే తాళంచెవుల గొడవే ఉండదు. మనకు టోపోషీట్లు, అంటే సర్వే మ్యాపులు, 56 ఎన్, 56 ఓ రెండూ కావాలి. 18 డిగ్రీల అక్షాంశం మన ఊరి మీదుగానే పోతుంది కాబట్టి హన్మకొండ ఒక షీటులో, వరంగల్ కోట ఇంకో షీటులో పడతాయి.

హసన్‌పర్తి_రైతుబిడ్డ | జూన్ 12, ఉదయం 8:05

పంతులన్నా, చెరువుల నీళ్లుంటే పొలం పారినట్టేనా? మా ఊరి చెరువుకు తూము పాడై కొన్నేండ్లు కట్ట మీద నిలబడి చూస్తే నిండుగ నీళ్లు, కిందికి చూస్తే నెర్రెలిచ్చిన మడి. మీ బొమ్మల చెరువు నీలంగ కనబడుతది, అంతే గదా.

సరే, కింద పొలం పచ్చగ కనబడిందే అనుకుందాం. ఆ పచ్చదనం తూము నీళ్లదా, బోరు నీళ్లదా? మా నాయిన చెరువు కింది మడిలోనే బోరు వేసిండు. చూస్తుండగనే చుట్టుపక్కలోళ్లందరు వేసిండ్రు. మడి అదే, వరి అదే, ఆయకట్టు అదే. పహాణీల మాత్రం నీటి ఆధారం కాడ చెరువు పోయి బోరొచ్చింది.

ఇంకో సంగతి, పెద్దోళ్లెవరన్న చెప్పాలె. మా దిక్కు కొన్ని చెరువులు ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాలువ నీళ్లతోని నిండుతయి. అసొంటి చెరువు కింద పారితే అది చెరువు లెక్కనా, కాలువ లెక్కనా?

పిక్సెల్_పంతులు | జూన్ 12, ఉదయం 8:32

తూమా బోరా అన్నది పైనుంచి తెలియదు, నిజమే. కానీ యాసంగిలో చెరువు ఎండిన నెలలో కూడా కింద పచ్చగా ఉందంటే అది బోరే కదా. ఆ తేడా పట్టుకోవచ్చు.

ఇబ్బందులు కూడా చెప్తాను. వానాకాలంలో మబ్బుల వల్ల బొమ్మలు పనికిరావు, అక్టోబరు చివరి నుంచి నమ్మొచ్చు. 2003 మే తర్వాత ల్యాండ్‌శాట్ 7 బొమ్మల్లో నల్లటి చారలు వస్తాయి, పరికరం పాడైంది. ఇక ఒక్క పిక్సెల్ అంటే 900 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 9 గుంటలు. పెద్ద చెరువుకు చాలు, చిన్న కుంటకు చాలదు.

రిటైర్డ్_లెక్కలాయన | జూన్ 12, మధ్యాహ్నం 2:10

అమ్మా, గణాంకాల ఉద్యోగం చేసి రిటైరయ్యాను, కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు. "చెరువు కింద పారకం" అనే ఒకే పేరుతో మన దగ్గర నాలుగు రకాల అంకెలు తిరుగుతుంటాయి. అవి ఒకదానితో ఒకటి కలవవు. నువ్వు ముందు ఏ అంకె వెతుకుతున్నావో తేల్చుకోకుండా ఆఫీసుకు పోతే, వాళ్ల దగ్గర ఏది ఉంటే అది చేతిలో పెడతారు.

మొదటిది నీటిపారుదల శాఖ వాళ్ల ఆయకట్టు. చెరువు రికార్డులో 120 ఎకరాలు అని ఉంటే, పూడిక నిండి సగం కూడా పారని ఏడు కూడా 120 అనే ఉంటుంది. అది చెరువు హక్కు, ఆ ఏడాది సాగు కాదు. పైగా నూరెకరాల లోపు కుంటలు చాలాకాలం పంచాయతీరాజ్ చేతిలో ఉండేవి కాబట్టి ఒకే ఊరి చెరువులు రెండు శాఖల రిజిస్టర్లలో దొరుకుతాయి.

రెండోది పహాణీ. ఆ ఏడు, ఆ సర్వే నంబరులో, ఏ పంట, ఏ నీటితో అన్నది అందులో ఉంటుంది. సీజన్ అండ్ క్రాప్ రిపోర్టులో నువ్వు చూసిన జిల్లా అంకె ఊరి పహాణీల నుంచి కూడికలు చేసుకుంటూ పైకి వచ్చినదే. అంటే నీ ఊరి లెక్క ఒకప్పుడు కచ్చితంగా ఉంది. పైకి పోతున్నకొద్దీ కూడికలు మిగిలాయి, కింది కాగితం ఎక్కడిదక్కడ ఉండిపోయింది.

ఇక్కడే ఒక మెలిక. వానాకాలం పంట ఆబీ, యాసంగి పంట తాబీ. ఒకే మడి రెండు పంటలు పారితే నికర విస్తీర్ణంలో ఒకసారి, స్థూల విస్తీర్ణంలో రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఒక ఏడు నికరం, ఇంకో ఏడు స్థూలం పక్కపక్కన పెట్టి "తగ్గిపోయింది" అని రాసిన వ్యాసాలు నేను చూశాను.

మూడోది చిన్న నీటి వనరుల గణన. 1986-87లో మొదలైంది, తర్వాత 1993-94, 2000-01, 2006-07, 2013-14. నీ కాలానికి ఈ ఐదే. చెరువు చెరువుకూ విడిగా రాశారు కాబట్టి నీకు చాలా పనికొస్తుంది. కానీ 2000 హెక్టార్ల ఆయకట్టు దాటినవి ఇందులో రావు. పాఖాల, రామప్ప, లక్నవరం చెరువులు మధ్యతరహా ప్రాజెక్టుల కింద ఉన్నాయి. ఈ పట్టిక చూసి ఆ చుట్టుపక్కల ఊళ్లలో చెరువు పారకం తక్కువ అనుకునేవు, జాగ్రత్త.

నాలుగోది సెన్సస్ జిల్లా హ్యాండ్‌బుక్‌లో వచ్చే గ్రామ డైరెక్టరీ. దీన్ని ఎకనామిక్స్ వాళ్లు ఎందుకో పట్టించుకోరు. జనాభా ఒక్కటే ఉంటుందనుకుంటారు. 1981, 1991, 2001, 2011 నాలుగింటిలోనూ ప్రతి రెవెన్యూ గ్రామానికీ కాలువ, చెరువు, బావి అని విడగొట్టి పారకం ఇచ్చారు. సెన్సస్ వాళ్ల డిజిటల్ లైబ్రరీలో పీడీఎఫ్‌లు ఉన్నాయి, ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. ఏటా కావాలంటే రాదు, పదేళ్లకోసారి వస్తుంది. కానీ జిల్లాలో ఊళ్లన్నీ వస్తాయి.

హసన్‌పర్తి తమ్ముడు అడిగినదానికి: పొలానికి నీళ్లు నేరుగా ఎక్కడి నుంచి వస్తే అదే రాస్తారు. చెరువును కాలువ నింపినా తూము నుంచి పారితే చెరువే. రాసేవాళ్లందరూ ఇది ఒకేలా పాటించారని మాత్రం చెప్పలేను.

రిటైర్డ్_లెక్కలాయన | జూన్ 12, మధ్యాహ్నం 2:24

ఇంకొకటి. పహాణీలో విస్తీర్ణం 3-20 అని ఉంటే మూడెకరాల ఇరవై గుంటలు. 40 గుంటలు ఎకరం కాబట్టి అది 3.5 ఎకరాలు. కంప్యూటర్లో 3.20 అని కొడితే మొత్తం లెక్క పోతుంది. 3-20 అనే కొడితే ఎక్సెల్ దాన్ని మార్చి 20 అని తారీఖు చేసి పెడుతుంది. ఎకరాలకు ఒక గడి, గుంటలకు ఒక గడి పెట్టుకో. సెన్సస్, చిన్న నీటి గణన హెక్టార్లలో ఉంటాయి, అటూ ఇటూ మార్చుకునేటప్పుడు 2.471.

మత్తడి_దుంకింది | జూన్ 12, రాత్రి 8:50

సార్, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. సెన్సస్ డైరెక్టరీలో సాగు వివరాలు ఉంటాయని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. 1981ది ఇప్పుడే తెరిచాను. ఊళ్ల పేర్లు తాలూకా వారీగా ఉన్నాయి, 1991లో మండలాల వారీగా. ఇవి రెండూ ఎట్లా జోడించాలి? కోడ్ నంబర్లు కూడా మారిపోయాయి.

జమ్మికుంట_స్కాలర్ | జూన్ 12, రాత్రి 9:37

ఇది నేను పడ్డ బాధే అక్కా. మండలాలు వచ్చింది 1985లో, అందుకే 1981 పుస్తకం తాలూకాల్లో ఉంది. 2011 డైరెక్టరీలో 2001 కోడ్ పక్కనే ఇచ్చారు, ఆ రెండూ తేలిక. 1981 నుంచి 1991కి చేత్తో కలపాల్సిందే.

పేరు ఒక్కటే నమ్మకు. కొత్తపల్లి అని ఒక్క జిల్లాలోనే ఎన్ని ఉంటాయో నీకు తెలుసు. ఇంగ్లీషు స్పెల్లింగ్ కూడా ఒక్కో సెన్సస్‌లో ఒక్కో తీరు. పేరుతో పాటు ఊరి మొత్తం భౌగోళిక విస్తీర్ణం చూడు. జనాభా మారుతుంది, ఊరి పొలిమేర అంత తొందరగా మారదు. పేరు దగ్గరగా ఉండి, విస్తీర్ణం కూడా కలిస్తే అదే ఊరు. జనాభా లేని ఊళ్లను, అంటే బేచిరాగు గ్రామాలను తీసెయ్యకు. మనుషులు లేకపోయినా అక్కడ చెరువు ఉంటుంది, పక్క ఊరి వాళ్లు సాగు చేస్తుంటారు.

తండాలు, గూడేలు డైరెక్టరీలో విడిగా కనిపించవు, రెవెన్యూ గ్రామంలో కలిసే ఉంటాయి. 2018లో తండాలు పంచాయతీలయ్యాయని ఇప్పటి పంచాయతీల జాబితా పట్టుకుని వెతికావంటే తిరకాసు పడతావు.

జమ్మికుంట_స్కాలర్ | జూన్ 12, రాత్రి 9:58

అసలు చిక్కు ఇంకోటి ఉంది. నీ స్టడీ 2014తో ఆగుతుంది కాబట్టి జిల్లాల విభజన నీకు అంటదు అనుకుంటున్నావేమో. అంకెలకు అంటదు, కాగితాలకు అంటుతుంది. 2016 అక్టోబరులో పాత జిల్లా ముక్కలైనప్పుడు రికార్డులు కూడా పంచుకుపోయాయి. చేర్యాల, మద్దూరు సిద్దిపేటకు పోయాయి. మిగతావి వరంగల్ అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అయ్యాయి. ములుగు 2019లో మళ్లీ విడిపోయింది. 2021లో అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. ఇప్పుడు "వరంగల్ జిల్లా" అని ఉన్న ఏ ఫైలు తెరిచినా ముందు తారీఖు చూడు.

బయటి నుంచి లోపలికి వచ్చినవీ ఉన్నాయి. కమలాపూర్, ఎల్కతుర్తి, భీమదేవరపల్లి మా పాత కరీంనగర్‌వి. గార్ల, బయ్యారం ఖమ్మంవి. కొత్త జిల్లాల అంకెలు కూడితే పాత వరంగల్ రాదు.

జిల్లా స్థాయి చాలు అనుకున్న అధ్యాయానికి పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల జిల్లా డేటాబేస్ చూడు. 1966 నాటి సరిహద్దులకు సర్దిన పట్టికలు విడిగా పెట్టారు, వనరుల వారీ సాగునీరు కూడా ఉంది.

పాత_దఫ్తరం | జూన్ 13, ఉదయం 6:12

బిడ్డా, 1956 నుంచి అంటున్నావు గనుక ఖాస్రా పహాణీ చూడకుండా మొదలుపెట్టకు. 1954-55ది. మన దగ్గర భూమి తగాదా ఏది వచ్చినా వకీళ్లు ముందు అడిగేది దాన్నే. దాని వెంట 1955-58 చేసాల పహాణీ. మిగతా ఏళ్ల కాగితాలు పోయినా కోర్టు అవసరాల కోసం ఈ రెంటిని చాలా చోట్ల జాగ్రత్త చేశారు. నీ మొదటి అంకె అక్కడే దొరుకుతుంది.

పాత కాగితం మీద ఫసలీ సంవత్సరం, అంటే పాత రెవెన్యూ లెక్క ఏడు, ఉంటే 590 కలుపుకో. 1364 ఫసలీ అంటే 1954-55. భూమి తరగతి దగ్గర తరి అంటే మాగాణి, ఖుష్కి అంటే మెట్ట, బాగాత్ అంటే తోట. శిఖం అని ఉంటే అది చెరువు కడుపులోని భూమి. నీళ్లు తగ్గినప్పుడు అక్కడా పంట వేస్తారు, కానీ అది చెరువు కింద పారకం కాదు. దాన్ని ఆయకట్టులో కలిపితే చెరువు ఎండిన ఏడే సాగు పెరిగినట్టు కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి పోతే అంతా ఉర్దూ. అచ్చు ఉర్దూ చదవగలిగినవాళ్లు కూడా శికస్తా చేతిరాత దగ్గర ఆగిపోతారు. మాలాంటి ముసలోళ్లు హన్మకొండలో ఇంకా కొందరున్నాం. ఫోటో పెడితే చదివి చెప్తాను. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోతే యూనివర్సిటీ నుంచి లెటర్ పట్టుకుని పో. నిజాం కాలం సెన్సస్ రిపోర్టుల కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు, పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ వాళ్లు పాత సర్కారు రిపోర్టులు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. అయితే ఆ నాటి వరంగల్ జిల్లాలో ఖమ్మం కూడా ఉండేది, 1953లో విడిపోయింది. జనగామ అప్పుడు నల్గొండ జిల్లా. అది మనసులో పెట్టుకుని చదువు.

అర్జీల_అక్క | జూన్ 13, ఉదయం 11:30

ఆఫీసుకు పోయి "పాత లెక్కలు కావాలి సార్" అని అడిగితే ఎవరూ ఇవ్వరు చెల్లె. వాళ్లకూ ఏం ఇవ్వాలో తెలియదు. సమాచార హక్కు కింద పెట్టు, కానీ "1956 నుంచి 2014 దాకా అన్ని గ్రామాల వివరాలు ఇవ్వగలరు" అని రాయకు. అంత పని చేస్తే ఆఫీసు నడవదు అని సెక్షన్ 7(9) చూపించి తప్పించుకుంటారు. సమాచారం అడగకు, తనిఖీ అడుగు. రికార్డు నేరుగా చూసి నోట్స్ రాసుకునే హక్కు సెక్షన్ 2(జె)లోనే ఉంది. మొదటి గంటకు ఫీజు కూడా లేదు.

ఇట్లా రాయి:

"ఫలానా మండలం, ఫలానా రెవెన్యూ గ్రామానికి చెందిన 1972-73, 1980-81, 1990-91, 2000-01, 2010-11 పహాణీలలో సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, నీటి ఆధారం కాలమ్‌లను స్వయంగా పరిశీలించి, నోట్స్ రాసుకుని, అవసరమైన పేజీల నకళ్లు తీసుకోవడానికి అనుమతిస్తూ తేదీ, సమయం తెలియజేయగలరు. పట్టాదారు, అనుభవదారుల పేర్లు నాకు అవసరం లేదు."

ఆ చివరి వాక్యం తప్పకుండా పెట్టు. భూమి రికార్డు అనగానే ఇది ఏదో తగాదా కేసేమోనని భయపడతారు. పేర్లు వద్దంటే సగం భయం పోతుంది.

దానికంటే ముందు ఒక చిన్న అర్జీ పెట్టు. జిల్లాలు విడిపోయినప్పుడు ఏ రికార్డులు ఏ ఆఫీసుకు అప్పగించారో ఆ అప్పగింత జాబితా నకలు ఇమ్మను. ఒకటి రెండు పేజీలే కాబట్టి కాదనరు. కాగితం ఎక్కడుందో అప్పుడు వాళ్ల సంతకంతోనే తెలుస్తుంది, "అక్కడ అడుగు, ఇక్కడ అడుగు" అనే ఆట ఉండదు. ఒకవేళ వేరే ఆఫీసుకు చెందినదైతే సెక్షన్ 6(3) కింద ఐదు రోజుల్లో వాళ్లే పంపాలి.

మండల ఆఫీసుకైతే ఫీజు 5 రూపాయలు, జిల్లాకైతే 10. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు గానీ, నువ్వు స్కాలర్‌వి కాబట్టి గైడ్ లెటర్ జత చేస్తే మంచిదే. అర్జీతో కాని పని కొన్నిసార్లు మంచిమాటతో అవుతుంది.

కాజీపేట_జంక్షన్ | జూన్ 13, మధ్యాహ్నం 12:05

ఇదంతా అయ్యేసరికి చెల్లెకు రిటైర్మెంట్ వయసొస్తది.

నిర్వాహకులు | జూన్ 13, మధ్యాహ్నం 12:20

ఈ చర్చను "పరిశోధన సహాయం" విభాగంలో పైన అంటించాం. ఆఫీసుల పేర్లు, ఉద్యోగుల పేర్లు పెట్టకండి. పహాణీ ఫోటోలు పెడితే రైతుల పేర్లు మూసి పెట్టండి.

మత్తడి_దుంకింది | ఆగస్టు 20, రాత్రి 10:02

చాలా రోజులైంది, క్షమించండి. అర్జీల అక్క చెప్పిన అప్పగింత జాబితా కిటుకు పనిచేసింది. ఎవరి దగ్గరా లేవన్న పహాణీలు మూడో ఆఫీసులో, పాత ఎన్నికల సామగ్రి వెనక మూటలు కట్టి ఉన్నాయి. ఎర్రగుడ్డ మూట విప్పితే కింది వరుస చెదలు తిన్నది, పైవి బాగానే ఉన్నాయి. అటెండర్ ఒక పెద్దాయన బల్ల తుడిచి, ఫ్యాన్ కింద వేయించి, "ఇవి అడిగినోళ్లంతా కొట్లాటకే అడిగిర్రు, చదువుకెవరు అడగలే" అన్నాడు.

ఇప్పుడు కొత్త గొడవ. నీటి ఆధారం గడిలో ఒక చేతిరాత "చె" అని రాస్తుంది, ఇంకోటి "చెరువు" అని, ఇంకోటి చెరువు పేరే రాస్తుంది. అది సర్దుకోవచ్చు. కానీ కొన్ని ఏళ్లు పేజీలకు పేజీలు "సదరు", "సదరు" అని, అంటే పైన రాసిందే అని ఉంది. రెండు ఏళ్ల పుస్తకాలు పక్కపక్కన పెడితే గుంట కూడా తేడా లేదు. అంత నిలకడగా పారిందంటే నమ్మొచ్చా?

రిటైర్డ్_లెక్కలాయన | ఆగస్టు 21, ఉదయం 6:55

నమ్మకు. పొలం మీదికి పోకుండా పోయినేటి పుస్తకం చూసి ఎక్కించారు. పైరు అజమాయిషీ, అంటే పొలం తిరిగి పంట చూసి రాసే పని, కాగితం మీదే జరిగిన ఏళ్లు అవి. పట్వారీలు ఉన్నప్పుడూ ఉంది, 1984లో పట్వారీలు పోయాక వచ్చినవాళ్లతోనూ ఉంది.

ఒక పరీక్ష చెప్తాను. 1972, 1987, 2002, 2009 పెద్ద కరువు ఏళ్లు. నీ ఊరి పహాణీలో ఆ ఏడు కూడా చెరువు కింద వరి నిండుగా ఉంటే ఆ పుస్తకం ఎత్తిరాసిందే. పడిపోయి ఉంటే రాసినాయన పొలానికి పోయాడన్నమాట. ఈ పరీక్షలో నెగ్గిన ఊళ్లనే లోతుగా చూడు. ఓడిపోయిన ఊళ్లను పారేయకు, అవి ఎన్ని ఉన్నాయో కూడా థీసిస్‌లో ఒక పట్టికగా పెట్టు. పరీక్షకులు ముందు దాన్నే చదువుతారు.

హసన్‌పర్తి_రైతుబిడ్డ | ఆగస్టు 21, ఉదయం 7:40

లెక్కలాయన సార్ మాట కరెక్టే గానీ, ఒక్క కరువుకే చెరువు ఎండదు. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండేది మా దగ్గర. గొలుసుల పైన ఉన్న ఊరికి కొంచెం వాన పడ్డా పారుతది, కిందున్న ఊరికి సున్నా. కరువు ఏడు పారకం ఉందని పైఊరి పుస్తకాన్ని దొంగలెక్క అనకుండ్రి. ఊళ్లె నీరడి పని, అంటే చెరువు నీళ్లు ఇడిసే పని, చేసినోళ్లు ఎవరన్న ఉంటే అడుగక్కా. ఏ ఏడు ఏ తూము ఇడిసిర్రో వాళ్లకు నోటికి ఉంటది.

పిక్సెల్_పంతులు | ఆగస్టు 21, ఉదయం 9:15

1987, 2002, 2009 మూడింటికీ అక్టోబరు చివరి నుంచి డిసెంబరు వరకు బొమ్మలు నేను తీసి పెడతాను. చెరువులో ఆ ఏడు నీళ్లే లేవని తేలితే పైఊరా కిందిఊరా అన్న వాదన అక్కర్లేదు. నీళ్లున్న ఊళ్ల సంగతి మాత్రం మీ నీరడినే అడగాలి. 1972కు నా దగ్గర మందు లేదు, ఆ ఏడాది ల్యాండ్‌శాట్ అప్పుడే మొదలైంది.

మత్తడి_దుంకింది | ఆగస్టు 23, రాత్రి 9:30

గైడ్ గారితో కూర్చున్నాను. "ఊరువారీగా" అలాగే ఉంచుతున్నాం, కానీ రెండు మెట్లుగా. మొత్తం జిల్లాకు సెన్సస్ డైరెక్టరీ నాలుగు సార్లు, పాత సరిహద్దులతో. లోతుగా చూడటానికి గొలుసుకట్టు చెరువులున్న కొన్ని ఊళ్లు, పైఊరు, మధ్యఊరు, కిందిఊరు ఉండేలా, పహాణీలతో. బోరు వచ్చిన సర్వే నంబరు చెరువు ఆయకట్టులోదా, బయటిదా అన్నది కొత్త కాలమ్ పెట్టాను. హసన్‌పర్తి తమ్ముడు చెప్పిందే. ఇప్పటిదాకా చూసిన ఊళ్లలో చెరువు గడి నుంచి పోయిన ఎకరాలు చాలావరకు అదే ఆయకట్టులో బోరు గడిలో తేలుతున్నాయి. సాగు పోలేదు, నీళ్ల చిరునామా మారింది. "చెరువుల కింద సాగు క్షీణత" అని మొదటి అధ్యాయానికి పెట్టిన పేరు మార్చాలి.

1956 నుంచి ఏటా వరుస మాత్రం రాదు, ఆ ఆశ వదిలేశాను. ఖాస్రా పహాణీ నుంచి ఒక అంకె, ఆ తర్వాత పుస్తకాలు దొరికిన ఏళ్లే. రివ్యూలో ఇదే చెప్పాను, మధ్యలో ఏళ్లు ఎందుకు లేవని ఒకరు గట్టిగానే అడిగారు. ఎత్తిరాసిన పేజీల ఫోటోలు పేర్లు మూసి చూపించాను, ఒప్పుకున్నారు.

కాజీపేట_జంక్షన్ | ఆగస్టు 23, రాత్రి 9:44

సరే చెల్లె, సగటు సలహా వాపస్ తీసుకుంటలేను గానీ, నీ థీసిస్ అయినంక నాకొక కాపీ.

జమ్మికుంట_స్కాలర్ | ఆగస్టు 23, రాత్రి 10:10

అక్కా, 1981 నుంచి 2011 వరకు ఊళ్ల కోడ్‌లు కలిపిన షీటు పంచుకుంటావా? నాది పాత కరీంనగర్. మన రెండు జిల్లాల సరిహద్దు ఊళ్లు నీ షీటుతో సరిచూసుకుంటాను. నా షీటూ ఇస్తాను.

మత్తడి_దుంకింది | ఆగస్టు 24, ఉదయం 8:15

తప్పకుండా. పచ్చరంగు గళ్లు పేరూ విస్తీర్ణం రెండూ కలిసినవి, పసుపు పేరు కలిసి విస్తీర్ణం కలవనివి, ఎరుపు ఏదీ కలవనివి. ఎరుపులో ఎక్కువ చేర్యాల, మద్దూరు వైపువే. అటు వైపు వాళ్లు ఎవరైనా ఉంటే ఊళ్ల పేర్లు ఒకసారి చూసి పెట్టగలరా?

కొమురెల్లి_తొవ్వ | ఆగస్టు 24, ఉదయం 8:52

ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను. మాది మద్దూరు. పంపండి, మా నాయనను కూర్చోబెట్టి సాయంత్రంలోగా చూసిస్తాను. రెండు ఊళ్లు పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి ఉన్నాయి, మీ ఎరుపులో సగం అవే అయి ఉంటాయి.